చెరువు అంచు ఎక్కడ? నగర విస్తరణకూ వాతావరణ మార్పుకూ నడుమ చిత్తడి నేలలు

హైదరాబాద్ చుట్టుపక్కల చెరువులు ఒకప్పుడు వానాకాలంలో ఒక రూపంలో, ఎండాకాలంలో మరో రూపంలో కనిపించేవి. అక్టోబర్ నాటికి కట్ట దగ్గర నుంచి ఎగువ పొలాల దాకా పరుచుకున్న నీరు, ఏప్రిల్ వచ్చేసరికి తూము ముందున్న లోతట్టుకు తగ్గిపోయేది. తక్కిన నేలంతా పగుళ్లు బారిన నల్లమట్టిగా, తుంగ దుబ్బులుగా, పశువుల మేతగా, తేమ మీద పంట తీసే శిఖం భూమిగా మారేది. చిత్తడి నేల చేసే పనిలో ఎక్కువ భాగం, నీరు ఏటా ఎక్కి దిగే ఈ పట్టీలోనే జరుగుతుంది. చేపలు గుడ్లు పెట్టేది, కొంగలూ ఉల్లంకిపిట్టలూ మేత వెతుక్కునేది, వరద వచ్చినప్పుడు విస్తరించేది, ఎగువ నుంచి కొట్టుకొచ్చిన ఒండ్రును నిలవేసుకునేది అక్కడే.

నగరానికి ఇలా జరుగుతూ ఉండే అంచు పనికిరాదు. ప్లాటుకు హద్దురాయి ఉండాలి, రోడ్డుకు స్థిరమైన గట్టు ఉండాలి, రిజిస్ట్రేషన్ పత్రానికి నాలుగు దిక్కులా సరిహద్దులు ఉండాలి. అందువల్ల నగరం ఎటు పెరిగితే అటు చెరువు అంచును ఒక గీతగా బిగించడం మొదలవుతుంది. ఇదే కాలంలో వేడెక్కుతున్న వాతావరణం ఆ అంచు కదలికను మునుపటి కంటే పెద్దది చేస్తోంది. కురిస్తే కుండపోతగా కురవడం, ఎండితే వారాల తరబడి ఎండడం పెరుగుతున్నాయి. నగర విస్తరణనూ వాతావరణ మార్పునూ రెండు వేర్వేరు ముప్పులుగా లెక్కగడితే అసలు నష్టం అంచనాకు అందదు. ఎందుకంటే ఒకటి మూసేసిన చోటునే మరొకటి అడుగుతోంది.

దక్కన్ పీఠభూమిలో సహజ సరస్సులు చాలా తక్కువ. రాతినేల మీద కురిసిన వాన త్వరగా జారిపోతుంది కాబట్టి, కాకతీయుల కాలం నుంచి కుతుబ్‌షాహీల, అసఫ్‌జాహీల దాకా పాలకులూ గ్రామాలూ వాగులకు అడ్డంగా కట్టలు వేస్తూ వచ్చాయి. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో 1562 ప్రాంతంలో కట్టిన హుస్సేన్‌సాగర్ వాటిలో పెద్దది. ఒక చెరువు నిండగానే మత్తడి (అలుగు) మీదుగా దూకిన నీరు కాలువ గుండా కింది చెరువుకు చేరుతుంది, అది నిండాక దాని కిందిదానికి, చివరికి మూసీకి. ఈ గొలుసుకట్టులో తూము ఆయకట్టుకు నీరిస్తే, మత్తడి అదనపు నీటిని కిందికి వదులుతుంది. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎంతసేపు ఎత్తాలో చూసుకోవడానికి ఊళ్లో నీరటి ఉండేవాడు. అతని పని ఫలితంగా వానలు మొదలయ్యే నాటికి చెరువులో ఖాళీ ఉండేది. ఆయకట్టు రైతు నీరు వాడుకోవడమే తర్వాతి వరదకు చోటు సిద్ధం చేయడం కూడా.

ఈ వ్యవస్థ లోపం లేనిదని చెప్పడం సరికాదు. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వచ్చిన వరద హైదరాబాద్‌లో వేలమందిని బలిగొన్నప్పుడు, పరీవాహక ప్రాంతంలోని 788 చెరువుల్లో 221 తెగిపోయాయని మోక్షగుండం విశ్వేశ్వరయ్య అధ్యయనం తేల్చింది. ఎగువ చెరువు తెగితే దాని నీరంతా ఒక్కసారిగా కింది కట్ట మీద పడుతుంది. గొలుసుకట్టుకున్న బలమూ బలహీనతా ఒక్కటే, ఏ చెరువూ విడిగా బతకదు. ఆ అనుభవం నుంచే మూసీ మీద ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ వెలిశాయి. తర్వాత దశాబ్దాలపాటు అవే నగరానికి తాగునీరు ఇచ్చాయి. ఆ రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో జీవో 111 వచ్చింది. 2022 ఏప్రిల్‌లో ఆ ఆంక్షలను ఎత్తివేస్తూ ప్రభుత్వం జీవో 69 ఇచ్చింది. ఈ రెండు జీవోల మధ్య పాతికేళ్లలో నగరం కృష్ణా, గోదావరి నీళ్ల మీద ఆధారపడడం నేర్చుకుంది. తాగే నీరు దూరం నుంచి వస్తున్నప్పుడు దగ్గరి చెరువు మీద పట్టింపు సడలడం విచారకరమే అయినా ఆశ్చర్యకరం కాదు.

చెరువు ఆక్రమణ అంటే ఎవరో రాత్రిపూట మట్టి పోసి పూడ్చడమే గుర్తొస్తుంది. నిజానికి క్షీణత అంతకు చాలా ముందే, ఆయకట్టు పొలాలు లేఅవుట్లుగా మారినప్పుడు మొదలవుతుంది. కింద పొలం లేనప్పుడు తూము ఎత్తించుకునే రైతు ఉండడు, నీరటి ఉండడు, పూడిక తీయమని అడిగేవారూ ఉండరు. రెండో దశలో శిఖం భూములు చేతులు మారతాయి. నీరు తగ్గినప్పుడు సాగు చేసుకోవడానికి మాత్రమే పట్టా ఉన్న భూమి కాగితం మీద మామూలు పట్టాభూమిలాగే అమ్ముడవుతుంది. వరసగా నాలుగైదు ఏళ్లు వానలు తక్కువైతే, కొనేవారికి అక్కడ నీరు నిలిచేదన్న సంగతి కంటికి కనిపించదు. మూడో దశలో చెరువుకూ చెరువుకూ మధ్య ఉన్న కాలువ ఇరుకు నాలాగా మారి, దాని మీద స్లాబు పడుతుంది. ఇవన్నీ పూర్తయ్యాక ఎప్పుడో నాలుగో దశలో మట్టి లారీ వస్తుంది.

వీటన్నిటికంటే తక్కువగా చర్చకు వచ్చేది మత్తడి. చెరువు పూర్తి నీటిమట్టాన్ని, అంటే అధికారులు ఎఫ్‌టీఎల్ అని గుర్తించే రేఖను, నిర్ణయించేది మత్తడి ఎత్తే. చెరువు ఎగువ వైపు నేల వాలు చాలా తక్కువగా ఉంటుంది. నూరు మీటర్ల దూరానికి ఒక మీటరు వాలు ఉన్న చోట మత్తడిని అర మీటరు కొట్టేస్తే, నీటి అంచు 50 మీటర్లు వెనక్కి వెళుతుంది. చెరువు చుట్టూ అంత వెడల్పు పట్టీ ఒక్క గునపం దెబ్బ కూడా తగలకుండా పొడినేల అవుతుంది. దాని మీద లేచిన ఇళ్ల వారు వరద వచ్చినప్పుడు మత్తడి ఇంకా తగ్గించమంటారు. ఇళ్లు మునిగినవారి బాధ నిజమైనదే కాబట్టి అధికారులు కూడా కాదనలేరు. ఇలా ప్రతి వరద తర్వాతా చెరువు కొంత కుంచించుకుపోతుంది.

నగర చెరువులు ఎండిపోయి చనిపోతున్నాయనే అభిప్రాయం ఉంది గానీ, హైదరాబాద్‌లో చాలా చెరువుల జబ్బు దీనికి తలకిందులుగా ఉంటుంది. అవి ఎండడం మానేశాయి. మంజీరా నుంచి, నాగార్జునసాగర్ నుంచి, ఎల్లంపల్లి నుంచి పైపుల్లో వచ్చిన నీరు ఇళ్లలో వాడకమయ్యాక, శుద్ధి కేంద్రానికి చేరని భాగమంతా పల్లం వెతుక్కుంటూ చెరువులో పడుతుంది. మూసీ పరీవాహకంలో కురవని నీరు మూసీ చెరువుల్లో ఏడాది పొడవునా నిలుస్తోంది. మే నెలలో కూడా నిండుగా కనిపించే చెరువును చూసి సంతోషించవలసింది లేదు. ఎండాకాలంలో అడుగు బయటపడి, ఎండకు కాగి, గాలి తగిలి శుభ్రపడే అవకాశం దానికి పోయింది. పూడిక తీసుకెళ్లి పొలంలో వేసుకునే వీలూ పోయింది. అన్నిటికంటే ముఖ్యంగా, జూన్‌లో మొదటి పెద్ద వాన పడేసరికి అందులో ఖాళీ ఉండదు. వరదను పట్టుకోవలసిన పాత్రను నగరం తన మురుగుతో ముందే నింపేసింది.

మురుగులోని నత్రజని, ఫాస్ఫరస్ గుర్రపుడెక్కకూ నాచుకూ ఎరువు. వేడి పెరిగే కొద్దీ నీటిలో కరిగి ఉండగల ప్రాణవాయువు తగ్గుతుంది, కుళ్లే ప్రక్రియ మాత్రం వేగం అందుకుంటుంది. పగలు నాచు వదిలే ఆక్సిజన్‌తో నెట్టుకొచ్చే చేపలకు, మబ్బు పట్టిన రెండు మూడు రోజులు గడిస్తే రాత్రివేళ ఊపిరి అందదు. పైగా వేసవి చివర తొలి వాన నాలాల్లో నెలల తరబడి పేరుకున్న మడ్డినంతా ఒక్క ఊపున చెరువులోకి తోస్తుంది. తొలకరి మర్నాడు ఒడ్డుకు చచ్చిన చేపలు కొట్టుకొచ్చాయన్న వార్తల వెనుక చాలాసార్లు ఈ రెండు కారణాలూ కలిసే ఉంటాయి. చెరువులో చేపపిల్లలను వేసి, కౌలు కట్టి, వల మీద బతికే మత్స్యకార కుటుంబాలకు ఆ చచ్చిన చేపలే ఏడాది సంపాదన. ఆక్సిజన్ లేని అడుగు మడ్డి నుంచి మీథేన్ కూడా వెలువడుతుంది. వాతావరణానికి మేలు చేయగల నేల అలా దాని వేడికి తోడవుతోంది.

వాతావరణ మార్పు వైపు నుంచి చూస్తే మూల సూత్రం సరళం. గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. ఏడాది మొత్తం వాన పెద్దగా మారకపోయినా, అది తక్కువ గంటల్లో కుమ్మరించే అవకాశం పెరుగుతుంది. మధ్య భారతమంతటా విస్తారంగా కురిసే అతి భారీ వానలు 1950 నుంచి 2015 మధ్య మూడు రెట్లు అయ్యాయని 2017లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది. వాన రోజుకు 2 సెంటీమీటర్ల చొప్పున పది రోజులు పడితే గొలుసుకట్టు దాన్ని మెల్లగా కిందికి దించుతుంది. అదే 20 సెంటీమీటర్లు ఒక్క రాత్రి పడితే ప్రతి మత్తడీ, ప్రతి కాలువా ఒకేసారి తమ పూర్తి వెడల్పు అడుగుతాయి. సిమెంటు, తారు కప్పిన నేల నుంచి ఆ నీరు ఇంకకుండా, ఆలస్యం కాకుండా వస్తుంది.

హైదరాబాద్ దీన్ని ఇప్పటికే చవిచూసింది. 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 గంటల్లో 24 సెంటీమీటర్ల వాన నమోదైంది. 2020 అక్టోబర్ 13న కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం తెలంగాణ మీదుగా పడమటికి సాగుతూ, బేగంపేటలో 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లకు పైగా కురిపించింది. ఆ రోజుల్లో పాతబస్తీ దక్షిణాన పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగాయి. కింది కాలనీల్లో మనుషులు కొట్టుకుపోయారు, ఇళ్లలో మెడలోతు నీరు నిలిచింది. టోలిచౌకి దగ్గర షా హాతిం తలాబ్‌ను ఆనుకున్న నదీమ్ కాలనీ నుంచి రోజులు గడిచినా నీరు తీయలేదు. కట్ట తెగిన చోటా, నీరు కదలని చోటా కారణం మూలంలో ఒక్కటే: చెరువు నుంచి నీరు బయటికి వెళ్లే దారిని ఇళ్లు ఆక్రమించాయి. ఆ ఇళ్లలో ఉన్నవారిలో అత్యధికులు తక్కువ ధరకు దొరికిందని కొనుక్కున్న చిన్న సంపాదనపరులు. లేఅవుట్ వేసి అమ్మినవారు ఆ రాత్రి అక్కడ లేరు.

నగరం నేరుగా ఆక్రమించని కొల్లేరు వంటి చిత్తడి నేల కూడా ఆ నగరాన్ని ఎలా ముంచగలదో 2024లో విజయవాడ చూపింది. మైలవరం వైపు కొండల నుంచి వచ్చే బుడమేరు నగరం ఉత్తరం అంచున సాగి కొల్లేరులో కలుస్తుంది. దాన్ని బెజవాడ దుఃఖదాయని అని జనం అనడం కొత్త కాదు. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర దాని వరదను కృష్ణకు మళ్లించే ఏర్పాటు ఉన్నా, ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల కుంభవృష్టికి కృష్ణ కూడా పొంగి ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. ఆ స్థితిలో నది మళ్లింపు నీటిని తీసుకోలేదు. బుడమేరు గట్టుకు మూడు చోట్ల గండ్లు పడి సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు వారానికి పైగా నీటిలో ఉన్నాయి. వాగు పాత దారిలో కట్టడాలు లేచాయి, వాగు చేరవలసిన కొల్లేరులో చేపల చెరువుల గట్లు దశాబ్దాలుగా ప్రవాహాన్ని అడ్డుకుంటున్నాయి. 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్చి, 2006లో గట్లను పేల్చివేసిన సరస్సు అది. కాగితం మీద దానికున్నంత రక్షణ రాష్ట్రంలో మరే చిత్తడి నేలకూ లేదు. కొల్లేరు మిగులు నీటికి సముద్రానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. సముద్రమట్టం పెరిగే కొద్దీ ఆ ఏరు నీటిని నెమ్మదిగా వదులుతుంది, పోటు సమయాల్లో ఉప్పునీటిని మరింత లోపలికి తెస్తుంది. విజయవాడ కాలనీల్లో నీరు ఎన్ని రోజులు నిలుస్తుందన్నది ఒక్క విజయవాడలోనే తేలే విషయం కాదు.

చెన్నై పరిస్థితి కూడా ఇంతే తీవ్రం. పల్లికరణై చిత్తడి నేలలో అధిక భాగం చెత్తకుప్పకూ, రోడ్లకూ, ఐటీ కార్యాలయాలకూ పోయింది. 2015 డిసెంబర్‌లో మునిగిన నగరమే 2019 జూలైలో తాగునీటికి రైళ్ల మీద ఆధారపడే స్థితికి వచ్చింది. వరద నీటిని నిలవేసే చోటు లేని నగరానికి కరవులో వాడుకునే నీరూ ఉండదు.

దీనికి ప్రభుత్వాలు, పౌరులు ఇష్టపడే సమాధానం సుందరీకరణ. కట్ట చుట్టూ రాతి పేర్పు, దాని మీద నడక దారి, దీపాలు, మధ్యలో ఫౌంటెన్, కొన్నిచోట్ల పడవలు. నగరవాసికి నడవడానికి చోటు కావాలన్నది న్యాయమైన కోరికే. అయితే మెరుగుపరిచామని చెప్పే ఈ పనుల్లో చాలావరకు చెరువు అంచును నిలువు గోడగా మారుస్తాయి. నీటి పక్షుల్లో పెద్ద భాగం జానెడు లోతు నీటిలో, బురద ఒడ్డున మేత తీసుకునేవి. వాటికి రాతి గోడ పనికిరాదు. అంచు వెంట తుంగ, జమ్ము ఉన్న చోట వచ్చే మురుగులో కొంత వడకట్టబడుతుంది. రాతి పేర్పు మీదుగా అది నేరుగా దిగుతుంది. గోడ వేశాక గోడ అవతల ఉన్న శిఖం భూమి చెరువులో భాగం కాదన్న నమ్మకం కూడా ఏర్పడుతుంది. ఆక్రమణదారు ఏళ్లు పట్టి సాధించే పనిని సుందరీకరణ గుత్తేదారు ఒక వేసవిలో పూర్తి చేస్తాడు. అమీన్‌పూర్ పెద్ద చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు దక్కింది. అందుకు ఆధారమైన పక్షులు అక్కడికి వచ్చింది రాతిగట్టును చూసి కాదు, లోతు తక్కువ ఒడ్డూ, నీట మునిగిన చెట్లూ మిగిలి ఉన్నందువల్ల.

చట్టం దగ్గరికి వస్తే, దక్కన్ చెరువులకు ఒక విచిత్రమైన ఇబ్బంది ఉంది. కేంద్రం 2017లో తెచ్చిన చిత్తడి నేలల పరిరక్షణ, నిర్వహణ నిబంధనలు తాగునీటి కోసం, సాగునీటి కోసం మనుషులు ప్రత్యేకంగా నిర్మించిన జలవనరులను తమ పరిధి నుంచి మినహాయించాయి. తెలంగాణ, రాయలసీమ చెరువుల్లో దాదాపు అన్నీ సాగునీటి కోసం కట్టినవే. నాలుగైదు వందల ఏళ్లుగా పక్షులకూ చేపలకూ ఆవాసమైనా, నిర్వచనం ప్రకారం అవి బయటే నిలుస్తాయి. దేశంలో 2.25 హెక్టార్లకు మించిన 2,01,503 చిత్తడి నేలలకు రక్షణ సూత్రాలు వర్తింపజేయాలని సుప్రీంకోర్టు 2017లోనే ఆదేశించింది. కానీ క్షేత్రంలో సరిహద్దులు కొలిచే పని నత్తనడకన సాగుతోంది. రాష్ట్ర స్థాయిలో కట్ట, తూము నీటిపారుదల శాఖవి, శిఖం భూమి రికార్డు రెవెన్యూ శాఖది, నాలా పురపాలక సంస్థది, మురుగు జలమండలిది, చేపలు మత్స్యశాఖవి. గొలుసుకట్టు మొత్తాన్ని ఒకటిగా చూసే బాధ్యత వీటిలో దేనికీ లేదు.

2024 జూలైలో చెరువుల ఆక్రమణలను తొలగించడానికి ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హైడ్రా, ఎఫ్‌టీఎల్‌లోని కట్టడాలను కూల్చడంతో ఈ విషయం ఇంటింటి చర్చ అయింది. పలుకుబడి ఉన్నవారి కట్టడాలు కూడా కూలడం చాలామందికి కొత్త నమ్మకం ఇచ్చిన మాట వాస్తవం. అంబర్‌పేటలో చెత్త, మట్టితో కప్పబడిన బతుకమ్మకుంటను తవ్వగా నీరు ఊరడం, 2025లో అది తిరిగి కుంటగా మారడం పోయిందనుకున్నది తిరిగి రాగలదని చూపాయి. అయినా అనుమతి ఇచ్చిన కార్యాలయం, రిజిస్టర్ చేసిన కార్యాలయం, ఇంటిపన్ను వసూలు చేసిన కార్యాలయం నిక్షేపంగా ఉండగా, అన్ని కాగితాలూ ఉన్న కుటుంబం మాత్రమే రోడ్డున పడడం న్యాయం కాదు. తుది ఎఫ్‌టీఎల్ రేఖలు ప్రకటించడం, శిఖం సర్వే నంబర్లలో రిజిస్ట్రేషన్లు ఆపడం కూల్చివేత కంటే ముందు జరగవలసినవి.

రేఖలు గీసే పద్ధతిలోనూ మార్పు అవసరం. ఇప్పటి నిబంధనల్లో 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్ల బఫర్ జోన్, అంటే ఎఫ్‌టీఎల్ చుట్టూ కట్టడాలు లేకుండా వదలవలసిన పట్టీ, ఉంది. ఈ లెక్క చెరువు విస్తీర్ణాన్ని చూస్తుంది, దానిలోకి వచ్చే వరదను చూడదు. పైన పెద్ద పరీవాహకం ఉన్న చిన్న కుంటకు 9 మీటర్లు ఒక్క మంచి వానకు చాలవు. అర మీటరు కొట్టేసిన మత్తడి ఆధారంగా నేటి ఎఫ్‌టీఎల్ గుర్తిస్తే, ఆక్రమణనే అధికారికం చేసినట్టవుతుంది. పాత గ్రామ పటాలు, మత్తడి అసలు ఎత్తు, 2020 వంటి వరదల్లో నీరు నిలిచిన ఎత్తులు మూడూ కలిపి చూడాలి. మురుగు మళ్లించిన చెరువుల్లో మే చివరికి తూము ఎత్తి మట్టం దించే పాత అలవాటును తిరిగి తేవడానికి కొత్త సాంకేతికత ఏదీ అక్కర్లేదు, తూము పనిచేయాలి, ఎత్తే బాధ్యత ఒకరి పేరున ఉండాలి. కోల్‌కతా తూర్పున 12,500 హెక్టార్ల చిత్తడి నేల ఇంకా నిలబడి ఉండడానికి ముఖ్య కారణం, నగర మురుగును లోతులేని చెరువుల్లో ఎండకు శుద్ధి చేసి చేపలు పెంచే వేలమందికి అది జీవనాధారం కావడం. ఆయకట్టు పోయిన హైదరాబాద్ చెరువుకు మిగిలిన అలాంటి హక్కుదారులు మత్స్యకార సంఘాలే. చెరువు నిర్ణయాల్లో వారి మాటకు ఇప్పుడు దాదాపు చోటు లేదు.

ఇక హైదరాబాద్ విస్తరిస్తున్నది 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు దాటి, ప్రాంతీయ రింగు రోడ్డు వైపు. ఆ రెండు వలయాల మధ్య గ్రామాల్లో గొలుసుకట్టు పై కొసన ఉండే కుంటలు వందల్లో ఉన్నాయి. వాటిలో చాలా వాటి విస్తీర్ణం 2.25 హెక్టార్లకు లోపే కాబట్టి కోర్టు లెక్కలోకి రావు, బఫర్ 9 మీటర్లే. అక్కడి కాలువల మీద ఇంకా స్లాబులు పడలేదు, మత్తడులు చాలావరకు అసలు ఎత్తులోనే ఉన్నాయి. ఒక్కో గొలుసుకట్టుకు మత్తడి ఎత్తులూ కాలువ వెడల్పులూ కొలిచి, ఆ పటం లేనిదే లేఅవుట్‌కు అనుమతి ఇవ్వకూడదన్న షరతు పెట్టడానికి అయ్యే ఖర్చు, ఇళ్లు కట్టాక వాటిని కూల్చడానికో నీరు తోడడానికో అయ్యే ఖర్చులో లేశమాత్రం. ఆ కొలతలు లేఅవుట్ రాళ్లు పాతక ముందే పూర్తి కావాలి.